ప్రైవేటు వారసత్వం

మా నాన్నగారు రాసుకున్న జ్ఞాపకాలలో పదకొండో అధ్యాయం లేదని మూడేళ్ళపాటు నమ్మాను. నేను నమ్మడమే కాక అమ్మనూ చెల్లెలినీ కూడా నమ్మించాను. మిగిలిన పన్నెండు అధ్యాయాలనూ 2007లో ఇక్కడే వరుసగా టపాలుగా వేసినప్పుడు, "పది తరువాత పన్నెండు వచ్చిందేమిటండీ?" అని ఒకరిద్దరు మిత్రులు అడిగారు. "ఆ ఒక్కటీ రాయకుండానే వెళ్ళిపోయారు" అని జవాబిచ్చాను. అది అబద్ధం. తెలిసి ఆడినది కాదు గాని, అబద్ధమే. దాని వెనక ఉన్నది నేను రాసిన ఒక ప్రోగ్రాములో రాయవలసిన చోట రాయని ఒకే ఒక్క మాట.

సాంకేతిక విషయాలంటే విసుగుపడే మిత్రులు కొంచెం ఓపిక పట్టాలి. ఆ మాట సంగతి చెప్పకుండా నాన్నగారి సంగతి చెప్పడం నాకు చేతకాదు.

నాన్నగారు 1957లో, అంటే ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు, మద్రాసు నుంచి సికింద్రాబాదు వచ్చారు. కలాసిగూడలో ఒక ముద్రణాలయంలో కంపోజిటరుగా చేరారు. పదేళ్ళకో ఏమో ప్రూఫ్ రీడరయ్యారు. 1996లో ఆ ప్రెస్సు మూతపడేదాకా అక్కడే ఉన్నారు. మేము చిలకలగూడలో ఉండేవాళ్ళం. ఆయన రోజూ మధ్యాహ్నం క్యారియరు పట్టుకొని నడిచే వెళ్ళేవారు, రాత్రి వేళ్ళ సందుల్లో సిరాతో వచ్చేవారు. తాతగారు మద్రాసులో గుమాస్తా అని మాకు చెప్పేవారు. ఏ కచేరీలో, ఏ పని మీద అని అడిగితే మాట మార్చేవారు. ఆయన ఎడమ అరచేతి మీద రూపాయి బిళ్ళంత మచ్చ ఉండేది. చిన్నప్పుడు దీపావళినాడు చిచ్చుబుడ్డి పేలిందని చెప్పేవారు. ప్రతి దీపావళికీ ఆ చెయ్యి చూపించి మమ్మల్ని జాగ్రత్తగా ఉండమనేవారు.

నేను కంప్యూటర్ల వైపు రావడానికి కూడా ఒక విధంగా ఆయనే కారణం. 1994లో ఒకనాడు రిజర్వేషను కోసం ఇద్దరం సికింద్రాబాదు స్టేషనులో వరుసలో నిలబడ్డాం. రైల్వేవారి క్రిస్ సంస్థ తయారుచేసిన కాన్సర్ట్ అనే కొత్త ప్రోగ్రాము ఆ సెప్టెంబరులోనే, మొట్టమొదట మా ఊళ్ళోనే నడవడం మొదలుపెట్టిందని తరువాత తెలిసింది. ఆనాడు నాకు కనబడినది మాత్రం కిటికీ వెనక పచ్చటి అక్షరాల తెర, చప్పుడు చేస్తూ టికెట్టును కక్కే యంత్రం. నాన్నగారు టికెట్టు చేతిలోకి తీసుకోగానే చూసినది రైలు పేరూ కాదు, బెర్తు నెంబరూ కాదు. "అక్షరం గీతకి ఒక నూలు కిందికి దిగింది చూడు" అన్నారు. ఆ యంత్రానికి ఎవరు, ఎలా చెబుతారో తెలుసుకోవాలని నాకు అప్పుడే బుద్ధి పుట్టింది.

1998లో, ఉద్యోగం చేస్తూనే, సాయంత్రాలు సీ ప్లస్ ప్లస్ నేర్చుకొనే తరగతులకు వెళ్ళేవాణ్ణి. ఆ భాషకు అంతర్జాతీయ ప్రమాణం వెలువడిన ఏడు కూడా అదే. ఒక రాత్రి భోజనాల దగ్గర అమ్మ, "ఇవాళ ఏం చెప్పార్రా?" అంది. "టైప్ కాస్టింగ్" అన్నాను. నాన్నగారి చెయ్యి కంచంలో ఆగిపోయింది.

"ఏమిటీ? ఎక్కడ?" అన్నారు.

నేను ఉత్సాహంగా వివరించాను. ప్రోగ్రాములో ప్రతి వస్తువుకీ ఒక టైపు ఉంటుందనీ, ఒక టైపుగా చూస్తున్న దాన్ని ఇంకొక టైపుగా చూడదలిస్తే కాస్టింగ్ చేయాలనీ. అంతా విని ఆయన నవ్వారు. "సీసం లేకుండానా?" అన్నారు. ఆ మాట ఆ పూటకు హాస్యమనే అనుకున్నాను. ముద్రణాలయంలో టైపు కాస్టింగ్ అంటే అక్షరాల పోత అని నాకు తెలుసు. కంపోజిటరుకు పోత పోసేవాడితో పనేమిటని మాత్రం తట్టలేదు. పోత ఫౌండ్రీలో జరుగుతుంది, కంపోజిటరుకు అందేది పోసిన టైపే కదా.

ప్రెస్సు మూతపడ్డాక నాన్నగారు పాత ప్రూఫు కాగితాల వెనకవైపు తన జ్ఞాపకాలు రాయడం మొదలుపెట్టారు. 2003, 2004లలో వాటిని మా వీధి చివర డీటీపీ దుకాణంలో టైపు చేయించి, అక్కడే తెర మీద తప్పులు దిద్దించి, ఒక సీడీ మీదికి ఎక్కించుకొని తెచ్చారు. రాత ప్రతిని పాత కాగితాలవాడికి వేశారు. మేము లబోదిబోమంటే, "ప్రూఫు సరిపోయాక ఇంక కాపీ ఎవడుంచుకుంటాడు?" అన్నారు. నలభై ఏళ్ళ వృత్తి అలవాటు అది. అచ్చు మాత్రం కాలేదు. "ఒకటింకా మిగిలింది" అంటూ ఉండేవారు. 2006లో ఆయన పోయారు.

సీడీలో ఉన్నది మనం ఇప్పుడు రాస్తున్న తెలుగు కాదు. తెలుగుకు యూనికోడు మొదటి కూర్పులోనే, 1991లో, స్థానం దొరికింది. విండోసు ఎక్స్‌పీతో పాటు గౌతమి ఫాంటు కూడా వచ్చింది. అయినా డీటీపీ దుకాణాలు చాలాకాలం దాని ముఖం చూడలేదు. వారి ఫాంట్లలో తెలుగు అక్షరాల ముక్కలు – తలకట్లు, గుడులు, ఒత్తులు – ఇంగ్లీషు అక్షరాలు ఉండవలసిన గళ్ళలో కూర్చుని ఉంటాయి. ఆ ఫాంటు తీసివేస్తే మిగిలేది అర్థంలేని రోమను గుర్తులు. పైగా ఒక్కొక్క ఫాంటుది ఒక్కొక్క అమరిక. ముక్కల వరుస కూడా వేరు. 'స్తే' అన్న అక్షరంలో కంటికి ముందు ఏత్వంతో కూడిన 'స' కనబడి, తరువాత కింద తవత్తు కనబడుతుంది. పాత ఫాంట్లు ఆ కంటి వరుసనే దాచుకుంటాయి. యూనికోడుకు మాత్రం ముందు హల్లులు రెండూ కావాలి, ఏత్వం చివర రావాలి. కాబట్టి గుర్తుకు గుర్తు మార్చితే సరిపోదు, విప్పి మళ్ళీ కూర్చాలి. కంపోజింగు పనే అది, స్టిక్కు లేకుండా.

అప్పటికి పత్రికల సైట్లను యూనికోడులోకి మార్చి చూపే 'పద్మ' ఉంది. నాన్నగారి దుకాణం ఫాంటు దాని జాబితాలో లేదు. అందుచేత 2007 వేసవిలో నేనే ఒక చిన్న మార్పిడి ప్రోగ్రాము రాసుకున్నాను, నాకు వచ్చిన సీ ప్లస్ ప్లస్‌లో.

అందులో రెండు మూల క్లాసులు. మొదటిది 'ఫాంటు'. ఫైలు తెరవడం, ఏ ఫాంటులో ఉందో చెప్పడం దాని పని. రెండవది 'మార్పిడి'. గుర్తులను యూనికోడు తెలుగుగా విప్పి కూర్చడం దీని పని. దుకాణం ఫాంటుకు నేను రాసిన క్లాసు ఈ రెండింటికీ వారసురాలు. ఇంగ్లీషులో బేస్ క్లాసు అనేదాన్ని నేను మాతృక అంటున్నాను. టైపు పోతలో అక్షరం ఆకారం చెక్కి ఉండే మాట్రిక్సుకు కూడా తెలుగులో ఇదే మాట సరిపోతుంది. ఈ కలయిక నేను కల్పించినది కాదు.

సీడీలోని ఫైళ్ళను ఒక్కొక్కటే చూసుకుంటూ పోతే, పదకొండో అధ్యాయం ఒక్కటీ వేరే ఫాంటులో ఉంది. అది రాణిగంజ్‌లోని ఇంకొక దుకాణంలో టైపు చేసినదని ఫైలు పేరును బట్టే తెలిసింది. మన వీధిలో దుకాణం ఉండగా అంత దూరం ఎందుకు వెళ్ళారా అని ఒక క్షణం అనుకున్నాను. మనవాడు ఆ రోజు దుకాణం తెరవలేదు కాబోలని సరిపెట్టుకొని, ఆ ఫాంటుకు కూడా ఒక పట్టిక తయారుచేసి, అర్ధరాత్రి దాటాక ఒక క్లాసు రాశాను. మొదటి క్లాసు తలకట్టు ఇలా ఉండేది:

క్లాస్ మావీధి : పబ్లిక్ ఫాంటు, పబ్లిక్ మార్పిడి

రెండవది ఇలా రాశాను:

క్లాస్ రాణిగంజ్ : పబ్లిక్ ఫాంటు, మార్పిడి

తేడా చూశారు కదా. కామాకు ముందున్న 'పబ్లిక్' కామా తరువాత ఉన్నదానికి కూడా వర్తిస్తుందని కన్ను అనుకుంటుంది. "రాముడు మంచి కొడుకు, అన్న" అంటే మంచితనం రెండింటికీ పోయినట్టు. సీ ప్లస్ ప్లస్ అలా అనుకోదు. ఆ మాట ఒక్కొక్క మాతృకకూ విడివిడిగా చెప్పాలి. చెప్పకపోతే, క్లాసు అన్న మాటతో మొదలైనదానికి వారసత్వం ప్రైవేటు.

ప్రైవేటు వారసత్వమంటే వారసత్వం లేకపోవడం కాదు. అదే ఇందులో చిక్కు. రాణిగంజ్ వస్తువులో మార్పిడి సమస్తం ఉంది, దాని పట్టికతో సహా. లోపల ఉన్నవాళ్ళు దాన్ని వాడుకోవచ్చు. ఫ్రెండ్ అని ప్రకటించిన వాళ్ళూ వాడుకోవచ్చు. బయటివాళ్ళకు మాత్రం ఆ చుట్టరికం తెలియదు. బయటి నుంచి ఎవరైనా నేరుగా రాణిగంజ్‌ను మార్పిడిగా చూడబోతే కంపైలరు అక్కడే పట్టుకుంటుంది. 'మార్పిడి' అన్నది 'రాణిగంజ్'కు అందుబాటులో లేని మాతృక అని ముఖం మీదే చెబుతుంది. అలా చెప్పి ఉంటే నాకు ఆ రాత్రే తెలిసేది.

నా ప్రోగ్రాము నేరుగా అడగలేదు. అన్ని ఫైళ్ళనూ 'ఫాంటు' పాయింటర్ల వరుసగా పట్టుకొని, ఒక్కొక్కదాన్నీ డైనమిక్ కాస్ట్‌తో అడిగింది, "నువ్వు మార్పిడివి కూడానా?" అని. ఫాంటుకూ మార్పిడికీ తమలో తమకు చుట్టరికమేమీ లేదు. ఇద్దరినీ కలిపేది ఎదురుగా ఉన్న అసలు వస్తువే. అది ఏ టైపుదో ప్రోగ్రాము నడుస్తున్నప్పుడు గాని తెలియదు కాబట్టి కంపైలరు మాట్లాడదు. నడుస్తున్నప్పుడు వస్తువు వెంట ఉండే పట్టికను వెదకుతారు. నేను వాడిన జీప్లస్ప్లస్ ఆ పట్టికలో ప్రతి మాతృక పక్కనా ఒక బిట్టు ఉంచుతుంది – ఇది బహిరంగమా, కాదా అని. మార్పిడి అక్కడ ఉంది. పక్కన బిట్టు సున్నా. అడిగినది పాయింటరు కాబట్టి జవాబుగా శూన్యం వచ్చింది. "ఉంది గాని చెప్పను" అనదు. "లేదు" అన్నదానికీ దీనికీ బయటివాడికి తేడా తెలియదు.

శూన్యం వస్తే ఏం చేయాలి? మంచి ప్రోగ్రామరు పాయింటరును వాడబోయే ముందు అది శూన్యమా అని చూసుకోవాలని మాకు నేర్పారు. చూసుకున్నాను. శూన్యం కాకపోతే మార్చి అచ్చువేయి, అని రాశాను. శూన్యమైతే ఏమి చేయాలో రాయలేదు. కాబట్టి ప్రోగ్రాము ఏమీ చేయలేదు. 'అధ్యాయం 11' అన్న శీర్షిక వేసి, కింద తెల్లకాగితం వదిలి, పన్నెండులోకి పోయింది. పాయింటరుకు బదులు రెఫరెన్సుతో అడిగి ఉంటే శూన్యమనేది ఉండదు కాబట్టి బ్యాడ్ కాస్ట్ అనే మినహాయింపు విసిరి, ప్రోగ్రాము అక్కడే కూలిపోయేది. కూలిపోయి ఉంటే బాగుండేది.

ఫైలు ఎంత ఉందో చూడలేదా అని మీరు అడగవచ్చు. చూడలేదు. "ఒకటింకా మిగిలింది" అన్న ఆయన మాట చెవిలో ఉంది. తెల్లకాగితం దానికి సరిగ్గా అతికింది. చెల్లెలికి ఫోను చేసి, "పదకొండు కోసం చోటు వదిలి పెట్టుకున్నారే, రాయలేదు" అన్నాను. అది ఏడ్చింది. అమ్మ మాత్రం ఏమీ అనలేదు. "రాయలేదా?" అని ఒక్కసారి అడిగి, లోపలికి వెళ్ళిపోయింది. ఆ ప్రశ్నలో ఉన్నది దుఃఖమనుకున్నాను.

ఇక్కడ కొంచెం దారి తప్పుతాను. సీ ప్లస్ ప్లస్‌ను 1979లో బెల్ ల్యాబ్స్‌లో మొదలుపెట్టిన బ్యార్నె స్ట్రౌస్ట్రప్, నడుస్తున్నప్పుడు టైపు అడిగే ఈ సదుపాయాన్ని చాలా ఏళ్ళు కావాలనే దూరంగా ఉంచాడు. సిమ్యులా భాషలో జనం దాన్ని అతిగా వాడి ప్రోగ్రాములను పాడుచేసుకోవడం చూసినవాడు. ఒక వస్తువు పని చేయించుకోవడానికి "నువ్వెవరు?" అని అడగవలసి వచ్చిందంటే మన అమరికలో ఎక్కడో లోపం ఉన్నట్టే అన్నది ఆ సంకోచం వెనక ఉన్న ఆలోచన. చివరికి 1993లో ప్రమాణ సంఘం దాన్ని అంగీకరించింది. డైనమిక్ కాస్ట్ అన్న పేరును పొడుగ్గా, వికారంగా ఉంచడం కూడా ఉద్దేశపూర్వకమే. వికారమైన పనికి వికారమైన పేరుండాలని. మొదట్లో ఇదంతా చాదస్తమనిపించేది. ఇప్పుడు అనిపించదు. జావాలో ఈ ప్రైవేటు వారసత్వమే లేదు. అక్కడ ఎవరి సంతానమో లోకానికంతా తెలియవలసిందే. ఈ ఒక్క విషయంలో నా ఓటు సీ ప్లస్ ప్లస్‌కే. దాచుకొనే హక్కు ఉండాలి. నా తగవల్లా దాచదలిచినవాడూ, చెప్పడం మరచినవాడూ ఒకేలా కనబడే ఆ ఏర్పాటుతోనే. 'ప్రైవేట్' అని రాసినా, ఏమీ రాయకపోయినా బయటికి వచ్చే ఫలితం ఒకటే.

2010లో ఒక మిత్రుడు తన పాత లిఖిత పత్రిక సంచికలు కొన్ని యూనికోడులోకి మార్చిపెట్టమన్నాడు. అవి ఆ రాణిగంజ్ ఫాంటులోనే ఉన్నాయి. నా ప్రోగ్రాము తీసి నడిపితే ఇరవై పేజీలూ తెల్లగా వచ్చాయి. ఈసారి "రాయలేదు" అని సరిపెట్టుకోవడానికి వీలులేదు. రాసినవాడు ఎదురుగా కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నాడు.

అతడు వెళ్ళాక డిబగ్గరుతో కూర్చున్నాను. శూన్యం ఎక్కడ పుడుతున్నదో పది నిమిషాల్లో దొరికింది. ఎందుకు పుడుతున్నదో గంటన్నర పట్టింది. ఆ తలకట్టు వాక్యాన్ని నలభైసార్లు చదివి ఉంటాను. కామా తరువాత ఖాళీ కంటికి ఆనలేదు. ఆనగానే అర్థమైనది మిత్రుడి పత్రిక సంగతి కాదు. చేతులు చల్లబడ్డాయి.

పాత సీ పద్ధతిలో బలవంతపు కాస్టింగ్ ఒకటి ఉంది. అసలు టైపు రాణిగంజ్ అని తెలిశాక, దాన్నుంచి ప్రైవేటు మాతృకలోకి కూడా అది తలుపు తోసుకొని పోగలదు, భాషే అందుకు వీలిచ్చింది. ఆ రాత్రి మొదట ఆ అడ్డదారిలోనే లోపలికి చూశాను. తెర మీద నాన్నగారి వాక్యాలు పడ్డాయి. రెండు పేరాలు చదివి ఆపేశాను. దొంగతనంగా చదువుతున్నట్టు అనిపించింది. వెనక్కి వెళ్ళి, కామా తరువాత 'పబ్లిక్' అని టైపు చేసి, మళ్ళీ కంపైలు చేసి, అప్పుడు చదివాను.

తాతగారు గుమాస్తా కారు. మద్రాసులో ఒక టైపు ఫౌండ్రీలో పోత పనివారు. సీసం, తగరం, అంటిమొనీ కలిపి కరిగించిన మూసకుండ దగ్గర, చేతితో తిప్పే పోత యంత్రం ముందు ఇరవై రెండేళ్ళు నిలబడ్డారు. చల్లారుతున్నప్పుడు అక్షరం ముడుచుకుపోకుండా, అంచు పదునుగా నిలవడానికి అంటిమొనీ అవసరమని నాన్నగారు ఆ అధ్యాయంలో ఒక పేజీ నిండా రాశారు. కొడుక్కి పాఠం చెప్పినట్టు. తొమ్మిదో ఏట నుంచి ఆయన కూడా బడి అయ్యాక ఫౌండ్రీకి వెళ్ళి, పోసిన టైపుల తోకలు విరిచి, అంచులు రుద్దేవారట. అరచేతి మచ్చ చిచ్చుబుడ్డిది కాదు, చిందిన లోహానిది. తాతగారికి చివరి దినాలలో మణికట్లు వాలిపోయి చేతులు లేవకుండా అయ్యాయనీ, కడుపునొప్పితో మెలికలు తిరిగేవారనీ రాశారు. సీసం విషమని అప్పుడు తమకెవరూ చెప్పలేదని ఒక్క వాక్యం. దాని కింద ఖాళీ. ఆ ఖాళీ నా ప్రోగ్రాము చేసినది కాదు, ఫైలులో ఉన్నదే. నాలుగుసార్లు సరిచూసుకున్నాను.

పెళ్ళిచూపులలో అమ్మ అన్నగారు "మీ నాన్నగారు ఏం చేసేవారు?" అని అడిగితే నోటికి వచ్చిన మాట 'గుమాస్తా' అట. తరువాత ఆ మాటను కాపాడుకోవడంలోనే నలభై ఏళ్ళు గడిచాయని రాశారు. నా గురించి కూడా ఒక వాక్యం ఉంది. పెద్దవాడు ఒకనాడు అన్నం తింటూ టైప్ కాస్టింగ్ నేర్చుకొని వచ్చానని చెప్పాడనీ, ఆ పూట నిజం చెప్పేద్దామని నోటిదాకా వచ్చిందనీ, నవ్వేసి ఊరుకున్నాననీ.

మా వీధి దుకాణం వదిలి రాణిగంజ్ ఎందుకు వెళ్ళారో అప్పుడు తెలిసింది. మా వీధి కుర్రాడు టైపు చేస్తే చిలకలగూడ అంతా చదివినట్టే.

మర్నాడు పొద్దున్న అమ్మకు చదివి వినిపించాను. వణుకుతున్న గొంతుతో, ఒక మహా రహస్యాన్ని విప్పుతున్నవాడిలా. ఆవిడ పళ్ళెంలో బియ్యం ఏరుకుంటూ విన్నది. అయిపోయాక, "పెళ్ళైన నెలకే చెప్పారు నాకు" అంది. "చిచ్చుబుడ్డి కాలితే మచ్చ అలా ఉంటుందట్రా? చేతిలో చెయ్యి పెట్టినదానికి తెలియదూ?"

ఫ్రెండ్ అన్న మాట ఆ భాషలో ఊరికే పెట్టలేదు. ప్రైవేటు మాతృక ఫ్రెండ్‌కు నేరుగా అందుతుంది. డైనమిక్ కాస్ట్ చేసినట్టు ఎదురుగా నిలబడి అడగవలసిన పనిలేదు.

"మరి 2007లో నేను రాయలేదన్నప్పుడు ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాను.

"రాస్తానన్నారు, రాయలేకపోయారనుకున్నాను. ఆయన రాయనిదాన్ని నేను చెప్పడమేమిటి?"

బ్లాగులో పెడతానంటే ఒప్పుకోలేదు. "నేనున్నన్నాళ్ళూ వద్దు. మా అన్నయ్యలున్నారు. అబద్ధమాడి చేసుకున్నాడని ఇప్పుడు ఆయన్ని అనిపించుకోవడం నాకిష్టం లేదు." సరేనన్నాను. ఇంట్లో ప్రతిలో పదకొండు దాని చోట చేరింది. ఇక్కడ మాత్రం పది తరువాత పన్నెండే ఉండిపోయింది. అలా నా అబద్ధం తెలిసి ఆడినది కూడా అయింది.

అమ్మ 2021లో పోయింది. మామయ్యలలో చివరివారు కూడా ఇప్పుడు లేరు. అయినా నేను కదలలేదు. నాన్నగారు కావాలని దాచుకున్నారా, చెప్పడం కుదరక అలా ఉండిపోయిందా అన్నది తేలలేదు నాకు. రాణిగంజ్ దాకా వెళ్ళడం దాచడానికే. మరి దాన్ని తెచ్చి, పదకొండు అని అంకె వేసి, మిగిలినవాటితో పాటు ఒకే సీడీ మీద ఎక్కించడం ఏమిటి? పైగా అచ్చు వేయించాలని కదా ఆ సీడీ.

ఈమధ్య మేనల్లుడు, ఇంజినీరింగు చదువుతున్నవాడు, తన ప్రోగ్రాములో అన్నీ ఉన్నా శూన్యం వస్తున్నదని లాప్‌టాప్ పట్టుకొని వచ్చాడు. సంగతి వినగానే చూడకుండానే, "కామా తరువాత పబ్లిక్ ఉందా?" అన్నాను. లేదు. ఇన్నేళ్ళ తరువాత కూడా ఆ భాషలో ఆ నియమం అలాగే ఉంది. వాడు నోరు తెరిచి, "ఎలా చెప్పావు మామయ్యా?" అన్నాడు. చెప్పాను, మొదటి నుంచి. వంటింట్లోంచి చెల్లెలు వచ్చి గుమ్మంలో నిలబడి విన్నది. దానికి 2010లోనే అంతా తెలుసు. కాని వాడు వినడం అదే మొదలు.

"తాతగారి నాన్నగారు అక్షరాలు పోసేవారా? నిజంగా, చేత్తో?" అన్నాడు వాడు. వాడి ముఖంలో నాన్నగారు జీవితమంతా భయపడినదేదీ లేదు. వెంటనే ఫోను తీసి టైపు ఫౌండ్రీల వీడియోలు వెతకడం మొదలుపెట్టాడు.

"పెట్టెయ్ అన్నయ్యా" అంది చెల్లెలు. "అంకె ఆయనే వేశారుగా."

పదకొండో అధ్యాయాన్ని నిన్న రాత్రి చేర్చాను. పదికీ పన్నెండుకీ మధ్య కనబడాలంటే 2007 నాటి తేదీ వేయాలి, అలా వెనకటి తేదీ వేసుకొనే వీలు ఇక్కడ ఉంది. వేయలేదు. పది చివర ఒక లంకె పెట్టాను, పదకొండు మీద ఈ ఏటి తేదీయే ఉంటుంది. అప్పుడు అడిగిన మిత్రులకు నేనిచ్చిన జవాబును కూడా చెరపలేదు. దాని కింద ఈ టపా చిరునామా రాశాను.